బొగ్గు తూకము – ప్రజల లెక్క

సూర్యాపేట మెట్టపొలములో బోరుపై మోటారు తిరుగుచుండగా, గోదావరి యొడ్డున నేలక్రింద బొగ్గు త్రవ్వు కార్మికుడు రైతు తలపునకు రాడు. కాని లెక్క వేసి చూతము. బొగ్గుతో ఒక్క యూనిట్టు విద్యుత్తు పుట్టింపవలెనన్న రమారమి 600 నుండి 700 గ్రాములు కాలవలయును. ఐదు హార్సుపవరు మోటారు ఎనిమిది గంటలు నడచినచో సుమారు 30 యూనిట్లు, అనగా 20 కిలోల బొగ్గు. కోదాడ, మిర్యాలగూడలకు సాగరు ఎడమకాలువ యున్నను, అచ్చటి బియ్యపు మిల్లులకును, సిమెంటు కర్మాగారములకును విద్యుత్తు లేనిదే గడువదు. కావున సింగరేణి వ్యవహారము మనకు దూరపు వ్యవహారము కాదు.

1871లో విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యను ఇంగ్లీషు వర్తకసంఘము త్రవ్వుకొను హక్కును పొందెను. 1920లో సింగరేణి కాలరీసు అను పేరు వచ్చెను. 1945లో నిజాము ప్రభుత్వము అధికభాగము వాటాలను కొని దానిని వశము చేసికొనెను. నేడు అందు రాష్ట్రమునకు నూటికి 51, కేంద్రమునకు 49 వాటాలు. 2023-24లో తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. దానిని కొనువారిలో ముఖ్యము కేంద్రప్రభుత్వపు ఎన్‌టీపీసీ. 1978లో శంకుస్థాపన జరిగిన రామగుండము కేంద్రము 2600 మెగావాట్లకు పెరిగినది. 2014 పునర్విభజన చట్టము తెలంగాణమున మఱి 4000 మెగావాట్లు నెలకొల్పుమనెను. అందు 1600 మాత్రమే 2023, 2024 సంవత్సరములలో జాతికంకితమైనవి.

ఇచ్చట అమ్మువాడును ప్రభుత్వమే, కొనువాడును ప్రభుత్వమే. ఇద్దఱి నడుమ తగవు వచ్చినచో నష్టపడు మూడవవాడెవడు? బొగ్గునకు వేడిమినిబట్టి 17 తరగతులు గలవు. ఒక్క తరగతి తేడాకు టన్ను వెల మాఱును. బొగ్గుతోపాటు ఱాయి వచ్చినచో ఱాతికి వెల, ఱాతికి రైలుకూలి, పిదప బూడిద యెత్తు ఖర్చు. ఈ వెచ్చమంతయు విద్యుత్తు ధరలో చేరి వినియోగదారునిపై బడును. రైతునకు ఉచితము గదా యని కొందఱందురు. ఆ యుచితమును చెల్లించునది ఖజానా. ఖజానాను నింపునది మనము.

రామగుండమునకు గనులు ప్రక్కనే యున్నవి. కేంద్రపు సొంత రైలుబండ్లే బొగ్గును చేర్చును. మిర్యాలగూడ చెంత దామరచర్లలో రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ 800 మెగావాట్ల యూనిట్లు ఐదు కట్టుటకు పూనిన యాదాద్రి కేంద్రమునకో, గోదావరి బొగ్గు కృష్ణ యొడ్డునకు నడచి రావలయును. అచ్చట ఱాయి కొలదిమైళ్లు ప్రయాణించును, ఇచ్చట జిల్లాలే దాటును. కావున నాణ్యపు లెక్క మన యింటిముంగిటికే వచ్చినది. 2022లో హరిత న్యాయస్థానము ఈ కేంద్రపు పర్యావరణానుమతిని మరల పరిశీలింపుమని చెప్పుట పాఠకులు మఱచియుండరు. మన బొగ్గులో దాదాపు మూడవవంతు బూడిదయే. దానిని గాలికి, ఏటికి విడువక సిమెంటునకును, ఇటుకలకును, బాటలకును వాడవలెనని 2021 నాటి కేంద్ర ప్రకటన శాసించుచున్నది. సిమెంటు కర్మాగారములు మన యెదుటనే యుండగా బూడిద పొలములపై బడుటకు హేతువేమి?

మేము కోరునవి మూడు. బొగ్గు నాణ్యమును ఉభయులకును సంబంధము లేని మూడవ సంస్థ పరీక్షించి, ఆ ఫలితములను నెలనెలా తెలుగులో ప్రకటింపవలెను. కొన్న బొగ్గు పైకము, కొనువాడెవడైనను, గడువులోపల చెల్లింపవలెను. బూడిద యెచ్చటికి పోయినదో టన్నులతో సహా గ్రామస్థులకు తెలుపవలెను. ఇవి కష్టసాధ్యములు కావు. చేయవలెనను బుద్ధి యుండిన చాలును.

గనిలో దిగినవాడు నేటి పనిని రేపటికి వాయిదా వేయడు. వాని చెమటతో వెలిగిన దీపముక్రింద కూర్చుండి బిల్లులను వాయిదా వేయుట యే న్యాయము?