టీచరే కౌన్సెలరా?

కొత్త విద్యా సంవత్సరం మొదలైంది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2025 జులై 25న ఆదేశించింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి మృతి కేసులో జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఇచ్చిన 15 మార్గదర్శకాలకు, చట్టం వచ్చేదాకా చట్టమంత విలువ ఉంది. పరీక్షల కాలంలోనూ, విద్యార్థులు ఒక దశ నుంచి మరో దశకు మారే కాలంలోనూ వారిని చిన్న బృందాలుగా చేసి, ఒక్కో బృందాన్ని ఒక మెంటరుకో కౌన్సెలరుకో అప్పగించాలని కూడా ఆ తీర్పు చెబుతోంది. ఆ మారే కాలం ఇదే. పదో తరగతి దాటి పీయూసీలో చేరిన పిల్లలు, చిత్తూరు నుంచో అనంతపురం నుంచో పెట్టె సర్దుకుని బెంగళూరు హాస్టళ్లకు వచ్చిన పిల్లలు ఇప్పుడే కొత్త బెంచీల మీద కూర్చుంటున్నారు. ఇంత సూటి ఆదేశానికి యాజమాన్యాల నోట, అధికారుల నోట తరచుగా వినబడే జవాబు ఒకటుంది: ‘మా టీచర్లకు శిక్షణ ఇప్పించాం, వాళ్లే మా కౌన్సెలర్లు.’ తీర్పును ధిక్కరించామని ఎవరూ అనకుండా, అలాగని తీర్పును అమలూ చేయకుండా తప్పించుకోవడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు.

ఈ జవాబుకు ఊతమిచ్చింది ప్రభుత్వాలే. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం బడికి ఇద్దరు టీచర్లను ‘ఆరోగ్య రాయబారులు’గా నియమించమంది. వారానికి ఒక గంట, మొత్తం 11 అంశాలు. పోషకాహారం, పరిశుభ్రత, మత్తుపదార్థాలు, స్త్రీపురుష సమానత్వం, ఇంటర్నెట్ వాడకం వగైరాల మధ్య మానసిక ఆరోగ్యమూ ఒక పాఠం. 2023లో కేంద్ర విద్యాశాఖ తెచ్చిన ‘ఉమ్మీద్’ ముసాయిదా ప్రిన్సిపాల్ సారథ్యంలో బడికొక వెల్‌నెస్ బృందం ఉండాలంది. వీటి ఉద్దేశాన్ని మేం శంకించడం లేదు. ఆరోగ్య పాఠం చెప్పడానికి పెట్టిన టీచరు పేరును తనిఖీ పత్రంలోని కౌన్సెలర్ గడిలో రాసేయడం దగ్గరే మోసం ఉంది. పైగా సుప్రీంకోర్టు ఈ రెండింటినీ కలపలేదు. కౌన్సెలర్ నియామకం ఒక మార్గదర్శకం. ఏడాదికి కనీసం రెండుసార్లు బోధన, బోధనేతర సిబ్బందికి శిక్షణ ఇవ్వాలన్నది మరో మార్గదర్శకం. రెండూ చేయాలన్న చోట ఒకటి చేసి రెండోదానికి చెల్లు రాయించుకోవడాన్ని ఏ లెక్కల మాస్టారూ ఒప్పుకోడు.

అయినా, శిక్షణ పొందిన టీచరు నిజంగా కౌన్సెలర్ పని చేయగలిగితే కోర్టు మాటను ఇంత పట్టుదలగా పట్టుకోవాల్సిన పనేముందని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు మన దేశంలోనే, బిహార్‌లోని నలంద జిల్లాలో, ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనే దొరికింది. సంగత్ సంస్థ పరిశోధకులు 74 బడులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో ప్రభుత్వం అప్పటికే నడుపుతున్న కౌమార విద్యా కార్యక్రమం ఒక్కటే నడిచింది. రెండో గుంపులో దానికి తోడు ‘సెహర్’ అనే కార్యక్రమాన్ని ఆ పనికోసమే పెట్టిన కౌన్సెలర్లు నడిపారు. మూడో గుంపులో అదే సెహర్‌ను బడి టీచర్లే నడిపారు. అదే పాఠ్యాంశం, అదే పద్ధతి: పిల్లలు తమ గోడు రాసి వేసే పెట్టె, గోడపత్రిక, అసెంబ్లీలో చర్చ, విడిగా కూర్చోబెట్టి మాట్లాడటం. 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. కౌన్సెలర్లు నడిపిన బడుల్లో తొమ్మిదో తరగతి పిల్లల కుంగుబాటు తగ్గింది, ఒకరినొకరు వేధించుకోవడం తగ్గింది, హింస తగ్గింది, బడి వాతావరణమే మెరుగుపడింది. టీచర్లు నడిపిన బడుల్లో మాత్రం, ఏ సెహర్ లేని బడులతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదు. ఇక్కడ మరో సంగతి గమనించాలి. ఆ కౌన్సెలర్లు మానసిక వైద్యులేమీ కారు. శిక్షణ ఇచ్చి, ఆ పని తప్ప మరో పని అప్పగించని మామూలు మనుషులు. అంటే తేడా తెచ్చింది పెద్ద డిగ్రీ కాదు. పిల్లల బాగోగులు చూడటమే తన ఉద్యోగంగా ఉన్న ఒక మనిషి బడిలో ఉండటం.

బిహార్ సంగతి మనకెందుకు అనుకునేవారు బెంగళూరు హోసూరు రోడ్డు మీది జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌నే అడగవచ్చు. టీచర్ల చేత జీవన నైపుణ్యాలు నేర్పించే కార్యక్రమాన్ని దేశంలో ఎంతో ముందుగా కర్ణాటక ఉన్నత పాఠశాలల్లో పెద్ద ఎత్తున నడిపింది ఆ సంస్థే. 2010లో ఆ సంస్థ నిపుణులు ఫలితాలను దాపరికం లేకుండా ప్రచురించారు. పిల్లల ఆత్మవిశ్వాసం పెరిగింది, టీచర్లతో సఖ్యత పెరిగింది, బడిలో సర్దుకుపోవడం మెరుగైంది. కానీ మానసిక సమస్యల లక్షణాల్లో ఆ పిల్లలకూ, కార్యక్రమం లేని బడుల పిల్లలకూ తేడా కనిపించలేదు. టీచరు చేయగలిగిందేమిటో, చేయలేనిదేమిటో ఇంత నిజాయితీగా గీత గీసి చూపించాక కూడా, అదే ఊళ్లో ఆ గీతను చెరిపేసే వాదన చెల్లుబాటు కావడం మనసును కలచివేస్తోంది. ఐరోపాలో పది దేశాల్లో, 168 బడుల్లో, 11 వేల మందికి పైగా విద్యార్థులపై చేసిన అధ్యయనం కూడా 2015లో ఇదే తేల్చింది. ప్రమాద సంకేతాలు గుర్తుపట్టేలా టీచర్లకు శిక్షణ ఇవ్వడం ఒక్కటే ఆత్మహత్యా యత్నాలను తగ్గించలేదు. బయటి శిక్షకులు వచ్చి నేరుగా పిల్లలతోనే మాట్లాడిన కార్యక్రమం ఆ యత్నాలను దాదాపు సగానికి తగ్గించింది.

టీచర్లు చేతకానివారని ఈ ఫలితాలకు అర్థం తీసేవారు వారికి అన్యాయం చేసినవారవుతారు. తప్పు మనుషులది కాదు, వారి మీద పెట్టిన బరువుది. 2025 సెప్టెంబరు 22న కర్ణాటకలో సామాజిక, విద్యా సర్వే మొదలైతే ఇల్లిల్లూ తిరిగింది టీచర్లే. ఆ సర్వే పూర్తి కాలేదని అక్టోబరు 8 నుంచి 18 దాకా దసరా సెలవులనే పొడిగించారు. ఎన్నికలొస్తే వాళ్లే, జనగణన వస్తే వాళ్లే. ప్రైవేటు బడిలోనైతే సర్వే ఉండదు కానీ సిలబస్ ఉంటుంది, వారాంతపు పరీక్ష ఉంటుంది, అడ్మిషన్ల లక్ష్యం ఉంటుంది. ఇవన్నీ పోగా మిగిలిన ఏ పీరియడ్‌లో ఒక పిల్లాడి ఎదురుగా కూర్చుని, వాడు నోరు విప్పేదాకా ఓపిక పట్టాలి?

సమయం దొరికినా నమ్మకం ఎక్కడిది? మార్కులు వేసేది ఆ టీచరే. ఇంటికి ఫోన్ చేసి ‘మీవాడు వెనకబడ్డాడు’ అని చెప్పేదీ ఆ టీచరే. ర్యాంకును బట్టి సెక్షన్లు విడదీయవద్దని, అందరి ముందూ అవమానించవద్దని కోర్టు విడిగా చెప్పాల్సి వచ్చిందంటే, ఆ పనులు ఎవరి చేతుల మీదుగా జరుగుతున్నాయో వేరే చెప్పనక్కర్లేదు. అదే చేతుల్లో తన రహస్యాన్ని ఏ పిల్ల పెడుతుంది? ఇంకా బాధాకరమైన ప్రశ్న మిగిలే ఉంది. కష్టం బడిలోనే, ఆ టీచరు వల్లే, లేదా ఆయన సహోద్యోగి వల్లే కలిగితే ఆ పిల్ల ఎవరి దగ్గరికి వెళ్లాలి? పోక్సో చట్టం కింద ఫిర్యాదు చేయాల్సిన సందర్భంలో, బడి పేరు కాపాడాల్సిన ఉద్యోగి చేతిలోనే ఆ పిల్ల మాటనూ పెట్టడం ఏ రకంగా రక్షణ? ‘టీచరే కౌన్సెలర్’ అనేవారు ఈ ప్రశ్నను తప్పించుకోకుండా ఒక్కసారైనా ఎదుర్కోవాలి. తన గురించి నిర్ణయాలు తీసుకునే మనిషి కాకుండా వేరే మనిషి ఒకరు బడిలో ఉండటమే కౌన్సెలర్ నియామకంలోని ప్రాణం. అది తీసేశాక మిగిలేది గోడ మీద ఒక బోర్డు.

పిల్లలను రోజూ చూసేది టీచరే, మార్పును ముందు పసిగట్టేదీ టీచరేనన్న మాట నిజం. పసిగట్టాక పంపడానికి ఒక గది, ఆ గదిలో ఒక మనిషి ఉండాలనే మేం అంటున్నాం. నిపుణుల కొరత ఉందన్నదీ నిజమే. అందుకే కోర్టు సోషల్ వర్కర్‌నూ అనుమతించింది. వంద మందిలోపు విద్యార్థులున్న సంస్థలకు, బయటి నిపుణులతో అధికారికంగా ఏర్పాటు చేసుకుంటే చాలునంది. 2020 నాటి జాతీయ విద్యా విధానమూ బడుల్లోకి కౌన్సెలర్లను, సోషల్ వర్కర్లను తీసుకురావాలనే రాసుకుంది. సీబీఎస్ఈ అయితే 2018 నాటి అనుబంధ నిబంధనల్లోనే పూర్తికాలపు కౌన్సెలింగ్ టీచరును తప్పనిసరి చేసి, తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల్లో 300 మంది లోపున్న చోట మాత్రమే పార్ట్‌టైమ్‌కు వీలిచ్చింది. కాబట్టి నిన్నగాక మొన్న నెత్తిన పడ్డ భారమని ఎవరూ అనలేరు. స్మార్ట్ బోర్డులకు, బస్సులకు, ప్రకటనల హోర్డింగులకు దొరికే డబ్బు ఒక్క జీతానికి దొరకదంటే బెంగళూరులో ఫీజు రసీదు చూసిన ఏ తల్లీ తండ్రీ నమ్మరు.

ఇక టెలి మానస్ ఉంది కదా అనేవారూ ఉన్నారు. ఫోన్‌లో మానసిక సాయం అందించే ఆ 14416 నంబరు మంచి సేవ. 2022 అక్టోబరు 10న మొదలైన ఆ వ్యవస్థను నడిపించే కేంద్రం బెంగళూరు నిమ్హాన్స్, సాంకేతిక దన్ను అదే ఊరి ట్రిపుల్ ఐటీ. అందులో తెలుగులోనూ మాట్లాడవచ్చు, ఏ వేళనైనా మాట్లాడవచ్చు. కష్టంలో ఉన్న ప్రతి విద్యార్థీ, ప్రతి తల్లీ తండ్రీ ఆ నంబరు రాసిపెట్టుకోవాలి. కానీ మొబైల్ నిషేధించిన హాస్టల్ కారిడార్‌లో ఆ నంబరును పెద్ద అక్షరాల్లో అతికించి, వార్డెన్ గదిలోని ఒకే ఒక్క ల్యాండ్‌లైన్ ముందు పిల్లల్ని నిలబెడితే ఎవరు ఫోన్ చేస్తారు?

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో ఈ దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. తీర్పులోకి ఎక్కిన అంకె అది. కర్ణాటక ప్రభుత్వం చేయాల్సింది కష్టమైన పనేమీ కాదు. బడులు, పీయూ కాలేజీల గుర్తింపు పునరుద్ధరణ దరఖాస్తులో కౌన్సెలర్ పేరు, అర్హత, జీతం చెల్లించిన రుజువు అడగాలి. ఆ వ్యక్తికి ఏ తరగతిలోనైనా బోధన బాధ్యత ఉంటే ఆ దరఖాస్తును తిప్పి పంపాలి. తన సొంత బడులకు సోషల్ వర్కర్ల పోస్టులు మంజూరు చేయాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకూ ఇదే వర్తిస్తుంది. ఈ తీర్పుకు మూలమైన మరణం జరిగింది తెలుగు నేల మీదే.

తల్లిదండ్రులు ఊరకుండవద్దు. ఈ నెల బడిలో జరిగే తొలి సమావేశంలో హోంవర్కు, యూనిఫాం గురించి అడిగే ముందు, మీ కౌన్సెలర్ ఎవరు, ఆయన చదివిందేమిటి, ఏ తరగతికి పాఠం చెబుతారు అని అడగండి. పాఠం చెబుతారని జవాబొస్తే ఆ బడిలో కౌన్సెలర్ లేనట్టే. ఆ జవాబును కాగితం మీద రాయించుకుని, తీర్పు ప్రకారం జిల్లా పాలనాధికారి అధ్యక్షతన ఏర్పడాల్సిన పర్యవేక్షణ కమిటీకి పంపండి. కమిటీయే లేదంటే, ఆ లేదన్న మాటను కూడా రాయించుకోండి.