ప్రతిధ్వని ఎక్కడ కలపాలి?

పిల్లలూ! ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి మన కరీంనగర్‌దే. రాసినవాడు తొమ్మిదో తరగతి కుర్రవాడు. "మాస్టారూ! మా అన్న ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. మా బాపు చిట్టీ డబ్బులతో అతనికి మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ కొనిచ్చాడు. దాన్ని ఆంప్లిఫయరుకు తగిలిస్తే ప్రతిధ్వని అంతా గజిబిజిగా వినిపిస్తున్నది. పెడల్ పాడయిందని, సగం ధరకు అమ్మేస్తానని అన్న అంటున్నాడు. నిజంగా పాడయిందంటారా?" అని అడిగాడు.

నాయనా, అమ్మడానికి తొందరపడవద్దని మీ అన్నతో చెప్పు. ముందు దాన్ని ఎక్కడ తగిలించాడో చూద్దాం.

ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద అయస్కాంతాలూ, వాటి చుట్టూ సన్నని రాగి చుట్టలూ ఉంటాయి. ఉక్కు తీగ కంపించగానే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఇది 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. కాని ఆ విద్యుత్తు చాలా కొంచెం, తరచు ఒక వోల్టులో పదోవంతు. దాన్ని పెంచేదే ఆంప్లిఫయరు.

మన సంగీతానికీ ఈ యంత్రం మేలు చేసింది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. మామూలు మాండొలిన్‌లో నాదం మీటిన కొద్దిసేపటికే అణగిపోతుంది. గమకం పలకాలంటే నాదం నిలవాలి. అందుకే ఆయన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ చేపట్టారు.

ఆంప్లిఫయరులో రెండు గదులున్నాయనుకోండి. మొదటి గది ప్రీఆంప్. బలహీనమైన సంకేతాన్ని లేపి నిలబెట్టడం, మంద్రమూ తారమూ సరిచేయడం దాని పని. రెండో గది పవర్ ఆంప్. స్పీకరును కదిలించేటంత బలం ఇవ్వడం దాని పని.

కొందరు గిటారు వాద్యకారులు ప్రీఆంప్‌కు మోయలేనంత బరువు కావాలనే ఎత్తుతారు. కుంచం నిండిన తరువాత ఎన్ని గింజలు పోసినా పొర్లిపోతాయి గదా! అలాగే ధ్వని తరంగాల శిఖరాలు తెగి చదునైపోతాయి. పెద్ద ధ్వనీ చిన్న ధ్వనీ దాదాపు ఒకే ఎత్తుకు వస్తాయి. అప్పుడు వినిపించే గరగరమనే నాదాన్ని డిస్టార్షన్ అంటారు.

ఇక ప్రతిధ్వని సంగతి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మీరు పెట్టిన కేక అర సెకనుకు తిరిగి వినిపించాలంటే ఎదుటి గుట్ట 85 మీటర్ల దూరాన ఉండాలి. పోయేందుకు 85, వచ్చేందుకు 85. పెడల్‌కు గుట్ట అక్కరలేదు. అది ధ్వనిని అంకెలుగా మార్చి జ్ఞాపకం పెట్టుకొని, అర సెకను ఆగి, కొంచెం తగ్గించి అప్పజెబుతుంది. తరువాత ఇంకా తగ్గించి మరోసారి.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చూడండి. గిటారు నుంచి పెడల్‌కు, పెడల్ నుంచి ఆంప్లిఫయరు ముందు సాకెట్టుకు కేబుల్ పెట్టామనుకోండి. ప్రతిధ్వని ముందే తయారై, ఆ తరువాత ప్రీఆంప్‌లోకి పోతుంది. అక్కడ డిస్టార్షన్ ఉంటే, అణగిపోవలసిన ప్రతిధ్వనులు కూడా పైకి లేచి కొత్త స్వరాలతో పోటీపడతాయి. అంతేకాదు, సెకనుకు 300 సార్లు కంపించే స్వరమూ 440 సార్లు కంపించే స్వరమూ కలిసి అందులోకి పోతే, ఎవరూ వాయించని 140, 740 కంపనాల ధ్వనులు కూడా పుడతాయి. మొదటిది ఆ రెంటి భేదం, రెండోది మొత్తం. గజిబిజికి కారణం ఇదే.

మన ఊరి వెండి తీగపని చూశారా? వెండిని సన్నని తీగలుగా సాగదీసి, మెలిపెట్టి, మంటతో అతుకుతారు. మంటకు వెండి మసకబారుతుంది గనుక మెరుగు చివరనే పెడతారు. ప్రతిధ్వని కూడా మెరుగులాంటిదే. దాన్ని డిస్టార్షన్ తరువాతనే కలపాలి.

అందుకోసమే చాలా ఆంప్లిఫయర్ల వెనక, రెండు గదుల నడుమ ఒక దారి ఉంచారు. దాని పేరు ఎఫెక్ట్స్ లూప్. "సెండ్" అని రాసిన సాకెట్టు నుంచి పెడల్ ఇన్‌పుట్‌కు ఒక కేబుల్, పెడల్ అవుట్‌పుట్ నుంచి "రిటర్న్" సాకెట్టుకు ఇంకొకటి పెట్టాలి. గిటారు మాత్రం తిన్నగా ఆంప్లిఫయరు ముందు సాకెట్టుకే పోవాలి. లూప్‌లో సంకేతం గిటారు సంకేతం కంటె బలంగా ఉంటుంది. పెడల్‌లో "లైన్" అనే అమరిక ఉంటే దాన్ని ఎంచుకోవాలి. పెడల్ లోపలి ఆంప్లిఫయరు అనుకరణలను ఆపివేయాలి. లేకపోతే ఒక ప్రీఆంప్ మీద ఇంకొకటి కూర్చుంటుంది.

వావా, కంప్రెసర్ వంటివి మాత్రం సాధారణంగా ప్రీఆంప్‌కు ముందే బాగుంటాయి. పెడల్‌కు కూడా సెండ్, రిటర్న్ ఉంటే నాలుగు కేబుళ్లతో రెండు పనులూ చేయవచ్చు. గిటారు పెడల్ ఇన్‌పుట్‌కు, పెడల్ సెండ్ ఆంప్లిఫయరు ముందుకు, ఆంప్లిఫయరు సెండ్ పెడల్ రిటర్న్‌కు, పెడల్ అవుట్‌పుట్ ఆంప్లిఫయరు రిటర్న్‌కు.

మీ అన్న ఆంప్లిఫయరుకు లూప్ లేకపోయినా దిగులు వద్దు. ఆంప్లిఫయరును శుభ్రమైన ధ్వనిమీద ఉంచి, పెడల్‌లోనే డిస్టార్షన్ ముందు, ప్రతిధ్వని తరువాత వచ్చేటట్లు వరుస పెట్టుకోవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. కేబుళ్లు మార్చేటప్పుడు కరెంటు ఆపించండి. స్పీకరు కోసం ఉన్న సాకెట్టును పెడల్‌కు ఎన్నడూ తగిలించనివ్వకండి. ఆ బలానికి పెడల్ కాలిపోవచ్చు. అప్పుడది నిజంగానే పాడవుతుంది.

గిటారు లేనివారు ఈ ప్రయోగం చేయండి. రబ్బరు స్టాంపుకు ఒక్కసారే సిరా అద్ది, తెల్ల కాగితం మీద కొంచెం కొంచెం జరుపుతూ నాలుగుసార్లు ఒత్తండి. ముద్రలు వరుసగా వెలిసిపోతాయి. ఇవే ప్రతిధ్వనులు. ఆ కాగితాన్ని బాగా నల్లగా వచ్చేటట్లు జెరాక్స్ తీయించండి. వెలిసిన ముద్రలు కూడా నల్లబడి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తరువాత ఒక్క ముద్రనే అలా నల్లగా జెరాక్స్ తీయించి, దాని పక్కన మిగతా మూడు ముద్రలు వెలిసిపోతూ ఒత్తండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, ఏది చదవ వీలుగా ఉందో మీరే చెప్పండి.