నలుపును ఎంతవరకు ఆపాలి?

నిజాం కాలపు చార్మినార్ రూపాయి నల్లబడి కనిపిస్తే ఇంట్లో పెద్దవాళ్లకు మొదట గుర్తొచ్చేది చింతపండు, ఆ తర్వాత విభూతి. పూజగదిలోని వెండి కుందులకు ఆ వైద్యం పనికొస్తుంది. నాణేనికి మాత్రం పనికిరాదని సేకరించేవాళ్లు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. తోమితే నలుపుతో పాటు నాణెం ఉపరితలమూ కొంత పోతుంది, సన్నని గీతలు పడతాయి, అవి మళ్లీ మాయం కావు. అసలు వాదం దీని తర్వాతే మొదలవుతుంది. తోమకూడదు, సరే. నల్లబడకుండా దాచడానికి ఎంత ప్రయాసపడాలి?

గట్టి కట్టుదిట్టాలు కావాలనే వారి వాదనలో బలం ఉంది. వెండిని నల్లబరిచేది ప్రధానంగా గంధకం. గాలిలో అతి స్వల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండితో కలిసి పొరగా మారుతుంది, తేమ ఆ పనిని తొందరపెడుతుంది. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ, నాసిరకం కాగితపు కవరు కూడా గంధకాన్ని మోసుకొచ్చేవే. ఆ పొర బయటి నుంచి వచ్చి అంటుకున్న మురికి కాదు, నాణెపు వెండే అలా మారిపోయింది. కాబట్టి రసాయనంలో ముంచి నలుపు తీసినా మారిపోయిన వెండి తిరిగి రాదు; రెండు మూడు సార్లు ముంచిన నాణెం పాలిపోయి, జీవం లేనట్టు కనిపిస్తుంది. రాగిది ఇంకా సున్నితమైన వ్యవహారం. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణాను విశాఖలో సముద్రపు గాలి తగిలే గదిలో ఊరికే వదిలేస్తే, ఉప్పూ తేమా కలిసి పచ్చని చిలుము పట్టిస్తాయి. చిలుము లోతుకు దిగాక చేయగలిగింది తక్కువ. ఇంతా తెలిసి గాలి చొరబడని డబ్బాలో బిగించకపోతే అది అశ్రద్ధేనని వారంటే కాదనడం కష్టం.

అయితే బిగించిన డబ్బాలో గాలితో పాటు ఇంకేం బందీ అవుతోందో కూడా చూసుకోవాలి. పాత పీవీసీ ఆల్బమ్ నుంచి ఏళ్ల తర్వాత నాణెం తీసి చూడండి. జేబు నాణేనికి కాస్త అతుక్కుని విడుతుంది, అంచు వెంట వేలికి జిగటగా తగిలే పలచని ఆకుపచ్చ పొర ఉంటుంది, కొత్త రెయిన్‌కోటు లాంటి వాసన వస్తుంది. ప్లాస్టిక్ మెత్తగా వంగడానికి కలిపిన నూనెలు మెల్లగా బయటికి వస్తాయి; పీవీసీ విచ్ఛిన్నమైతే ఆమ్లమూ పుడుతుంది. కాపాడటానికి కొన్న జేబే నాణేన్ని తినేస్తుంది. చెక్క పెట్టె చూడముచ్చటగా ఉంటుంది గానీ, చెక్క, జిగురు, వార్నిష్‌ల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు సీసానికి విరోధులు. కోటిలింగాల, పెద్దబంకూరు ప్రాంతాల్లో దొరికిన శాతవాహన నాణేల్లో సీసపువీ ఉన్నాయి. రెండు వేల ఏళ్లు మట్టిలో నిలిచిన అలాంటి నాణెం మూసిన చెక్క సొరుగులో తెల్లటి పొడిగా రాలిపోయే ప్రమాదం ఉంది. తలుపు ఎంత బిగుతుగా ఉంటే ఆవిరి అంత చిక్కబడుతుంది.

ఇక మరో పక్షం నలుపంటే అంత భయమెందుకని అడుగుతుంది. వెండి ఒక్కసారిగా నల్లబడదు. పొర మందాన్ని బట్టి ముందు లేత పసుపు, తర్వాత ఎరుపు కలిసిన ఊదా, ఆపైన నీలం, చివరికి నలుపు. అంచు నుంచి మధ్యకు ఈ రంగులు సహజంగా పాకిన రూపాయిని తళతళలాడే దానికంటే ఎక్కువ ధర పెట్టి కొనేవారున్నారు. ఎవరూ తోమలేదనడానికి ఆ రంగే సాక్ష్యమని వారి లెక్క. ఇందులోనూ కొంత నిజముంది, కొంత చిక్కూ ఉంది. గంధకపు పొగ పట్టించి రంగులు తెప్పించి అమ్మేవారూ ఉన్నారు కాబట్టి సాక్ష్యం ప్రతిసారీ నమ్మదగింది కాదు. పైగా నీలం దగ్గర అందంగా ఉన్న పొర నలుపు దాకా వెళ్లదని హామీ లేదు. నాకు ముచ్చటగా అనిపించే రంగు మరొకరికి మచ్చగా కనిపించినా వారిని తప్పుపట్టలేను.

జాగ్రత్తల్లోనూ లాభనష్టాలు కలిసే ఉంటాయి. సిలికా జెల్ తేమను పీలుస్తుంది, గంధకాన్ని ఆపదు. నిండిపోయాక మార్చకపోతే పెట్టీ పెట్టనట్టే. నూలు చేతి తొడుగులు వేలిముద్రల ఉప్పును ఆపుతాయి గానీ పట్టు జారి నాణెం గచ్చు మీద పడితే అంచుకు సొట్ట తప్పదు. నాణేల స్థితిని అంచనా వేసే గ్రేడింగ్ సంస్థల గట్టి ప్లాస్టిక్ పెట్టెలో నాణెం చేతుల నుంచి తప్పించుకుంటుంది, కానీ ఆ పెట్టెలు పూర్తిగా గాలి చొరబడనివి కావు. బంగారు వరహాలున్నవారికి ఈ తంటాలు చాలావరకు లేవు. వారి దిగులంతా దొంగల గురించే.

కాబట్టి అన్నిటికీ ఒకే పెట్టె అనే పద్ధతి మానుకోవడం మంచిదనుకుంటాను. విక్టోరియా రూపాయిలో వెండి వందకు దాదాపు 92 పాళ్లు. 1940–45 మధ్య వచ్చిన రూపాయిల్లో సగమే, మిగతా సగంలో ఎక్కువ భాగం రాగి. చూడటానికి రెండూ వెండి రూపాయిలే అయినా రంగు మారే తీరు ఒకటి కాదు. మామూలు వెండికి పీవీసీ లేని మైలార్ జేబు, మూత ఉన్న డబ్బా, బీరువాలో పొడి చోటు సరిపోవచ్చు. రాగికి సిలికా జెల్ తప్పనిసరి, సీసాన్ని చెక్కకు దూరంగా ఉంచాలి. వానలకు ముందొకసారి, వానలు వెళ్లాక ఒకసారి తీసి, అంచులు మాత్రమే పట్టుకుని, మెత్తని గుడ్డ పరిచిన బల్ల మీద చూస్తే చాలు. జిగట పొర కనబడితే స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచవచ్చు. అది ప్లాస్టిక్ నూనెను కరిగిస్తుంది, లోహం జోలికి పోదు. అయితే కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయాల్సిన పని అది. పచ్చని చిలుము పొడిపొడిగా లేస్తుంటే మాత్రం ఆ నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి, తెలిసినవారికి చూపించేదాకా దాని మీద ఏ ప్రయోగమూ చేయకపోవడం మేలు.