ముఖపరిచయం

ఉద్యోగం పోయిన మనిషి మొట్టమొదట చేసే పని ఏమిటో గమనించారా? బజారుకు వెళ్లే దారి మార్చుకుంటాడు. "ఏం, ఇవాళ డ్యూటీకి పోలేదా?" అని ఎవరైనా అడుగుతారని భయం. పెళ్లిళ్లకు ఆడవాళ్లను పంపి తాను ఇంట్లో ఉండిపోతాడు. నన్నడిగితే, జీతం ఆగిపోవడం కంటే ఈ దాగుడుమూతలే సంసారానికి ఎక్కువ చేటు.

మా నస్రుల్లాబాదు, బాన్సువాడ వైపు వాళ్లకు ఈ బాధ కొత్తది కాదు. దాపునే బోధన్ ఉంది. అక్కడి నిజాం చక్కెర కర్మాగారం 1937లో వెలిసి, ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు పేరు మోసింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటువారి చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు మూడింటికీ లే-ఆఫ్ ప్రకటించారు.

ఈ లే-ఆఫ్ అనే మాటలోనే ఒక చిక్కుంది. అప్పుడు అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం లే-ఆఫ్ అంటే పనిలోంచి తీసేయడం కాదు. పేరు రిజిస్టరులో ఉంటుంది, పని మాత్రం ఉండదు. మూలవేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం పరిహారం ఇవ్వాలన్నారు. అదైనా రోజుకొకసారి వెళ్లి హాజరు చెప్పినవాడికే! అంచేత మనిషి రేపో మాపో గేటు తెరుస్తారనుకుంటూ అక్కడే కాచుకుని ఉంటాడు. రావలసిన డబ్బు కోసం యూనియనుతో కలిసి పోరాడవలసిందే, కాదనను. కాని ఆ పోరాటం సాగుతూండగానే ఇంకో పని కోసం నలుగురి చెవినా వెయ్యాలి.

ఏ నలుగురు? బావమరుదులూ, మేనమామలూ అనుకుంటాం. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా పండితుడు 1973లో ఒక చిత్రమైన లెక్క ప్రకటించాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిని పట్టుకుని, "ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తూండేవారు?" అని అడిగాడు. తరచుగా అన్నవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, ఎప్పుడో గాని కలవమన్నవారు 27.8 శాతం. కారణం ఆలోచిస్తే తేలికే. మన బావమరిదికి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది. ముఖపరిచయస్తుడు తిరిగే చోట్లు వేరు, వినే కబుర్లు వేరు.

చక్కెర మిల్లులో బాయిలరు చూసిన మనిషికి ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు బొత్తిగా కొత్తదేమీ కాదు. కాని అక్కడి ఆపరేటరు మానేశాడన్న సంగతి పత్రికల్లో పడదు. ధాన్యం లారీ డ్రైవరుకు తెలుస్తుంది, గోనెసంచుల వ్యాపారికి తెలుస్తుంది. ఇంగ్లీషు చదువులవాళ్లు నెట్‌వర్కింగ్ అని పెద్ద పేరు పెట్టింది ఈ పనికే.

అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది సుమండీ. "ఏదైనా ఉద్యోగం ఇప్పించండి" అంటే ఎదుటివాడు ఇరుకున పడతాడు, మర్నాటినుంచి మనకు కనిపించడు. "పన్నెండేళ్లు బాయిలరు చూశాను, సర్టిఫికెట్టు ఉంది, మీరు తిరిగే చోట్ల ఎవరికైనా మనిషి కావాలంటే ఒక్క కబురు చెప్పండి" అంటే ఆ మాట మోసుకెళ్లడం అతనికి సులువు. పదిహేను రోజులాగి మళ్లీ పలకరించండి. పని దొరికితే వెళ్లి ఆ మాటా చెప్పండి. రేపు మరొకరికి సాయం చేయాలని అతనికీ అనిపిస్తుంది.

ఒక్క హెచ్చరిక. పరిచయస్తుడు తెచ్చేది కబురే, పూచీ కాదు. దుబాయి వీసా ఉందని డబ్బు అడిగితే, అతను 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టరైన ఏజెంటేనా అని విచారించండి. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి.

ఇక ఇల్లాలితో ఒక మాట. అమ్మా, ఆయన ఉద్యోగం పోయిన సంగతి దాచిపెట్టి ఇంటి గౌరవం కాపాడుతున్నాననుకోకండి. మహిళా సంఘం సమావేశంలో మీ పక్కన కూర్చునేవాళ్లు పదిళ్లవాళ్లు. వారి అన్నదమ్ములు పది ఊళ్లలో పని చేస్తూంటారు. ఈసారి వెళ్లినప్పుడు ఆయన ఏ పని చేయగలరో వారితో చెప్పి రండి.