ఊద గడ్డి చెప్పే పాఠం

తెలుగు పాఠాలు చెప్పుకొనే ఉపన్యాసకునికి వృక్షశాస్త్రంతో ఏమి పని అని విద్యార్థులు అడుగవచ్చును. ఒక శాస్త్రం మన పొలం గట్టున నిలబడి మన భాషలో మాట్లాడగలదా, లేదా అన్నది భాషోపాధ్యాయుని ప్రశ్న కూడా. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

మా నానీ కూలికి నాట్లు వేసి, కలుపు తీసి, సంసారాన్ని ఈదింది. చిన్ననాడు ఆమె వెంట మడిలో దిగి, ఊద ఏదో వరి ఏదో తెలియక నేను వరి మొక్కలనే పెరికేవాడిని. “మొదలు చూడు బేటా, ఎర్రగా వుంటే ఊద” అనేది ఆమె. కాని కొన్ని ఊద మొక్కలకు మొదలు పచ్చగానే వుండేది. వరి వలెనే అవి నిటారుగా నిలిచేవి. వెన్ను తీస్తేగాని అవి ఆమె కంటికి కూడా చిక్కేవి కావు. “మాయదారి గడ్డి” అని తిట్టుకొనేది.

ఆ మాయ ఏమిటో చాలా ఏండ్లకుగాని నాకు తెలియలేదు. కలుపు తీసే చేయి వరిని పోలని మొక్కను పెరికివేస్తుంది. పోలిన మొక్క మిగిలి గింజ రాల్చుతుంది. తరతరానికీ పోలినవాటి సంఖ్య హెచ్చుతుంది. మొక్క తలచుకొని వేషం మార్చలేదు. ఏరివేతే దానికి వేషం వేసింది. పైరును అనుకరించే ఇట్టి కలుపు మొక్కలను గూర్చి రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ వివరించినందున ఈ అనుకరణకు ఆయన పేరే నిలిచింది. చైనాలో ఊద మొక్కల జన్యువులను పరిశీలించి, యాంగ్‌ట్సీ నదీ ప్రాంతంలో ఈ అనుకరణ సుమారు వేయి సంవత్సరాల క్రిందట ఏర్పడినదని 2019లో పరిశోధకులు ప్రకటించారు. అక్కడి శిల్పులు కూడా పేరులేని కలుపు కూలీలే!

ఇది వేయేండ్లనాటి ముచ్చట మాత్రమే కాదు. వేల్స్ దేశంలో పాత గనుల వ్యర్థాలు పోసిన విషపు నేలపై కొన్ని గడ్డి జాతులు పచ్చగా పెరగడాన్ని బ్రాడ్‌షా, ఆయన శిష్యులు పరిశోధించారు. మామూలు పచ్చిక గింజలను ఆ మట్టిలో చల్లితే దాదాపు అన్నీ చనిపోగా, ఎక్కడో ఒకటి రెండు బ్రతికేవి. ఆ బ్రతికినవాటి సంతతే నేలను ఆక్రమించింది. నేడు కలుపు మందులను తట్టుకొనే ఊద పలు దేశాలలో బయలుదేరినది కూడా ఈ సూత్రం చేతనే. ఇది తెలియని రైతు ఏటేటా అదే మందు కొని నష్టపోతాడు.

ఇంతటి విద్యను మనం ఎట్లు బోధిస్తున్నాము? నిర్వచనం వల్లె వేయించి, నల్లబల్లపై బొమ్మ గీయించి, మార్కులు వేసి పంపుతున్నాము. దీనికి తోడు 2023లో పదవ తరగతి జాతీయ పాఠ్యపుస్తకం నుండి జీవపరిణామ భాగాన్ని తొలగించగా, 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు అభ్యంతరం తెలిపారు. పన్నెండవ తరగతిలో వున్నది కదా అన్నారు. పదితో జీవశాస్త్రం విడిచే బాలబాలికల మాటేమిటి? శాస్త్రాన్ని అధికారం శాసించిననాడు ఏమి జరుగుతుందో వావిలోవ్ జీవితమే సాక్ష్యం. జన్యుశాస్త్రాన్ని విడనాడని ఆ మహనీయుడు 1940లో నిర్బంధింపబడి, 1943లో సరాతోవ్ చెరసాలలో మరణించాడు.

ఈ విద్య మన విశ్వాసానికి విరుద్ధమేమో అని సంకోచించే మిత్రులకు ఒక మనవి. తొమ్మిదవ శతాబ్దంలోనే అబూ హనీఫా అల్ దీనవరీ ‘కితాబున్నబాత్’ అనే వృక్షగ్రంథం రచించాడు. మొక్కను పరికించి చూడడం మనకు పరాయి విద్య కాదు. చూచిన తరువాత వాదించుకొందాము. చూడకముందే కన్ను మూసుకొనవద్దు.

భాష చాలదనే మాట కూడా నిలువదు. స్వయంవరంలోని వరణమే ప్రకృతి వరణంలోని వరణం. ఉర్దూలో అదే ఇంతిఖాబ్. హైదరాబాదులో దారుల్ తర్జుమా ఉన్నత విద్యకు ఉర్దూ పుస్తకాలు సమకూర్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఆ పని తెలుగులో చేసింది. మాటలు వున్నవి; వాటిని తరగతి గదిలో పలికేవారు కావాలి.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం స్వల్పమైనది. భవనం వెనుక పిచ్చి మొక్కలు పెరిగే స్థలంలో రెండు సెంట్లు వృక్షశాస్త్ర విద్యార్థులకు ఇప్పించండి. ఏడాదికి ఒక దినం వారిని వరిపొలానికి పంపండి. తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి ఒక చిన్న పదకోశం తయారు చేయడానికి అనుమతించండి.

విద్యార్థులారా! పొలానికి వెళ్ళిననాడు ఆకు మొదట చూడండి. వరికి అక్కడ పలుచని పొర వుంటుంది, ఊదకు వుండదు. ఎంత పోలినా దాగని ఆ చిన్న తేడాను మీ కంటితో కనుగొన్న దినాన, పాఠం పుస్తకం దాటి మీ సొంతమవుతుంది. బడి ముఖం ఎరుగని మా నానీ మడిలో వంగి జీవితమంతా చేసిన పరీక్ష అదే. దానికొక పేరున్నదని ఆమెకు చెప్పే భాగ్యం నాకు కలుగలేదు. మీ ఇండ్లలో కలుపు తీసిన పెద్దలు వుంటే, మీరైనా వెళ్ళి చెప్పండి.