నాలుగు ముఖాల అబద్ధాలకోరు

ఐర్లండ్‌లోని కార్క్ పాత రేవుపట్నం. ఒకప్పుడు అక్కడి వెన్న పీపాల్లో ఓడలెక్కి సముద్రాలు దాటేది. ఆ వెన్న బజారుకు దగ్గర్లోనే, షాండన్ గుట్ట మీద సెయింట్ యాన్స్ చర్చి ఉంది. 1722లో కట్టారు. శిఖరానికి రెండు వైపులు ఎర్ర ఇసుకరాయి, రెండు వైపులు తెల్ల సున్నపురాయి. పైన గాలివాటు చూపేది కోడిపుంజు కాదు, బంగారు రంగు సాల్మన్ చేప. నీటి ఒడ్డునున్న ఊరికి అదే తగిన గుర్తు.

శిఖరం మీది గడియారం 1847లో వచ్చింది, ఐర్లండ్ ఆకలితో అల్లాడుతున్న ఏడాది. నాలుగు ముఖాలూ నాలుగు వేళలు చెబుతాయి. గంట కొట్టే సమయానికి మాత్రం రాజీ పడతాయి. గాలి పెద్ద ముళ్లను నెట్టడమే కారణమంటారు. ఊరివాళ్లు దాన్ని 'నాలుగు ముఖాల అబద్ధాలకోరు' అని పిలుచుకుంటారు. తిట్టే గానీ, అందులో బోలెడు ముద్దు ఉంది. లోపలి ఎనిమిది గంటలు 1750లో పోతపోసినవి. చూడవచ్చినవాళ్లు తాళ్లు లాగి తామే మోగించుకోవచ్చు.

ఈ సంచిక గడియారాల మీద. మా ఆఫీసు గోడ గడియారం పది నిమిషాలు ముందే నడుస్తుంది, అయినా సంచిక ఆలస్యమైంది, మన్నించండి. మీ ఊరి గడియార స్తంభం కథ రాసి పంపండి. అది ఆగిపోయినదైనా సరే.