ఆరు గంటల అతిథి

సింగపూరు నుండి బయలుదేరే విహార నౌకలలో ఇప్పుడు మన తెలుగు కుటుంబాలు కూడా కానవస్తున్నాయి. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న కుమారులు, అల్లుళ్లు ఊరి నుండి వచ్చిన పెద్దలను మూడు నాలుగు రోజుల సముద్రయానానికి తీసుకువెళుతున్నారు. మా అల్లుడి పుణ్యమా అని మేము కూడా రెండు పర్యాయాలు అలా వెళ్లి, మలేషియాలోని పినాంగు దీవిలో, జార్జ్‌టౌన్ పట్టణంలో దిగాము. మేము చూసిన రేవు పట్టణాలలో మనసుకు అత్యంత ప్రీతిపాత్రమైనది అదే. అక్కడ ఒక్క పగటిలో ఏమేమి చూడవచ్చునని కొందరు పాఠకులు అడుగుతున్నందున ఈ మాసం ఆ పట్టణం గురించే వ్రాస్తున్నాము.

నౌక ఉదయం స్వెట్టెన్‌హామ్ రేవుకట్టకు చేరుతుంది. సాయంత్రం లంగరు ఎత్తడానికి చాలా ముందే అందరూ తిరిగి ఎక్కి ఉండాలి. తనిఖీల వరుసలకు పోయే కాలాన్ని తీసివేస్తే చేతిలో మిగిలేది సుమారు ఆరు గంటలు. 1923 నుండి నడుస్తున్న కొండరైలు, 1985లో ప్రారంభించిన 13.5 కిలోమీటర్ల వంతెన, తోటలు, గుడులు అంటూ జాబితా పట్టుకొని బయలుదేరినవారు అందులో సగం కాలం వాహనంలోనే గడుపుతారు. మా సలహా ఏమిటంటే అసలు వాహనమే ఎక్కవద్దు. చూడదగినదంతా రేవు నుండి కిలోమీటరున్నర లోపలే ఉన్నది. పాత దుకాణాల ముందు వరుసగా అయిదడుగుల వసారాలు ఉంటాయి. ఎండయినా వానయినా వాటి కిందనే చాలా దూరం నడిచిపోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు సైకిల్ రిక్షాలున్నాయి. బేరం మాత్రం ఎక్కకముందే తేల్చుకోవాలి.

రేవు దాటగానే ఈస్టిండియా కంపెనీ వారి కోట కనిపిస్తుంది. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈ దీవిని కంపెనీ వశం చేసింది ఆ ప్రాంతంలోనే. గోడలు, ఫిరంగులు తప్ప లోపల పెద్ద విశేషం లేదు. బయటి నుండి చూసి ముందుకు సాగిపోవచ్చు. నిదానంగా నడిస్తే పావుగంటలో కపితాన్ కెలింగ్ మస్జిదు వస్తుంది. ఆ నడకలోనే 1818 నాటి చర్చి, చీనీయుల కరుణాదేవి ఆలయం, పక్క వీధిలో 1833 నాటి మారియమ్మ గుడి కూడా తగులుతాయి. రెండు వందల ఏళ్లుగా అవి ఇరుగుపొరుగుగానే ఉన్నాయి.

1801లో వెలసిన ఈ మస్జిదుకు స్థలం ఇచ్చింది కంపెనీ. కట్టించింది దక్షిణ భారత ముస్లిం వర్తకుల పెద్ద కాదర్ మొహియుద్దీన్. ఆయన హోదాయే 'కపితాన్ కెలింగ్'. కెలింగ్ అన్న మాట మన కళింగం నుండి పుట్టింది. తూర్పు తీరం నుండి వచ్చిన వారందరినీ మలయా ప్రజలు ఆ పేరుతోనే పిలిచేవారు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం ఓడలు అచే, పెగూ రేవులకు అద్దకపు వస్త్రాలు మోసుకుపోయిన సంగతి గుర్తుచేసుకుంటే ఆ పిలుపులో మనకూ ఒక వాటా ఉన్నదని తెలుస్తుంది. అయితే నేడు అక్కడ ఒక మనిషిని ఆ మాటతో పిలిస్తే తిట్టినట్లే భావిస్తారు. మస్జిదు పేరుగా తప్ప దానిని నోట రానీయకూడదు. ఇంకొక సంగతి కూడా ఉంది. అక్కడి గడియారం సూర్యునికన్నా గంటకు పైగా ముందు నడుస్తుంది. అందువల్ల ఏడాది పొడవునా ఒంటిగంట దాటాకనే జుహర్ వేళ అవుతుంది. పన్నెండున్నరకే వెళ్లి ఎదురుచూడనక్కరలేదు.

మమ్మల్ని ఎక్కువసేపు నిలిపివేసింది మాత్రం దగ్గరలోని అచే వీధి. 1808 నాటి మస్జిదు, దాని ఎనిమిది పలకల మినారు అక్కడ ఉన్నాయి. ఒకప్పుడు ఈ వీధిని 'రెండవ జిద్దా' అనేవారు. ఉత్తర మలయా నుండి, సుమత్రా నుండి, దక్షిణ థాయిలాండ్ నుండి హజ్ యాత్రికులు ఇక్కడికి చేరి, ఓడ వచ్చేదాకా రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు బస చేసేవారు. ఆ వీధి బతుకంతా వారితోనే నడిచేది. అక్కడే బియ్యం, ఎండుచేపలు, వస్త్రాలు కొనుక్కునేవారు. బంధువులు అక్కడికే వచ్చి కన్నీటితో సాగనంపేవారు. బొంబాయి ముసాఫిర్‌ఖానాలో ఓడ కోసం వేచి ఉన్న రోజుల గురించి మన ఇళ్లలో తాతలు చెప్పిన కథలు ఉన్నాయి కదా, అవే ఇక్కడి కథలు కూడా. 1970లలో అక్కడ విమానాలు ఆ ఓడల స్థానాన్ని ఆక్రమించాయి. మన దేశంలో చివరి హజ్ ఓడ 1995 దాకా నడిచింది.

అంటే ఆ పట్టణం ఏనాడూ ఓడ ప్రయాణికుల మీదనే బతికింది. నాటి ప్రయాణికులు వారాలు ఉండి వంట సరుకులు కొన్నారు. మనం ఆరు గంటలు ఉండి, చాలామంది భోజనానికి మళ్లీ నౌకకే పరుగెత్తుతున్నాము, అక్కడ డబ్బు ముందే కట్టాము గనుక! ఇది లెక్కకు సరే గాని, మర్యాదకు సరిపోదు. ఒక ఊరి వీధులన్నీ తిరిగి, ఆ ఊరిలో ఒక పూటయినా తినకుండా వెళ్లడం మన పల్లెల్లో ఎవరికీ నచ్చదు. అక్కడి తమిళ ముస్లిముల 'నాసి కందర్' తిని రావాలి. పూర్వం రేవు కూలీలకు కావడి మీద ఒక పక్క అన్నం, ఒక పక్క కూరలు మోసుకువచ్చి అమ్మేవారట. కందర్ అంటే ఆ కావడి మోతే. నాలుగైదు పులుసులు కలిపి అన్నం మీద పోయించుకోవడాన్ని వారు 'వరద' అంటారు. మా శ్రీమతికి ఆ వరద అంతగా నచ్చలేదు. మాకు నచ్చింది.

తీరం వెంట చీనీయుల వంశవాడలున్నాయి. సముద్రంలో గుంజలు పాతి, వాటి మీద చెక్క ఇళ్లు కట్టుకొని ఒక్కొక్క ఇంటిపేరువారు ఒక్కొక్క వాడగా నివసిస్తున్నారు. గృహ సముదాయాల కోసం 2006లో రెండు వాడలను కూల్చివేశారు. 2008లో యునెస్కో ఈ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడంతో తక్కినవి నిలిచాయి. నిలిచాయి గాని, ఇప్పుడు ఆ ఇళ్ల ముందు చెక్కబాట మీద రోజంతా మనవంటివారి రద్దీయే. ఫొటో తీయవద్దన్న పలకలు కొన్ని గుమ్మాలకు వేలాడుతుంటాయి. అయినా కిటికీలో తల పెట్టి లోపలి ముసలమ్మను ఫొటో తీస్తున్నవారిని మేము చూశాము. అనుమతి కోరి, సలాము చేసిన తరువాతనే పరుల ఇంట అడుగుపెట్టాలని నూర్ సూరాలో పిల్లలకు పాఠం చెబుతాము. సెలవుల్లో ఉన్నంత మాత్రాన ఆ పాఠానికి సెలవు ఇచ్చినట్లు కాదు. ఆ పలకల వాడకు వెళ్లకపోయినా నష్టం లేదు; వెళితే వాకిట్లో కాక బాట మీదనే నడవాలి.

పట్టణం లోపలి ఇళ్లది మరొక కథ. 1966 నాటి చట్టం వల్ల దశాబ్దాల పాటు అద్దెలు స్వల్పంగా ఉండేవి. ఆ చట్టం రద్దయి, 2000 జనవరి నుండి యజమానులు అద్దెలు ఇష్టానుసారం పెంచుకోగలిగారు. తరతరాలుగా ఉన్న అనేక కుటుంబాలు తట్టాబుట్టా సర్దుకొని వెళ్లిపోయాయి. ఆ తరువాత వారసత్వ గుర్తింపు, 2012లో గోడల మీద చిత్రాలు వచ్చాయి. సైకిలు మీద పిల్లల చిత్రం ముందు ఫొటోకు ఎప్పుడూ వరుస ఉంటుంది. పాత ఇళ్లు కాఫీ హోటళ్లయ్యాయి, బసలయ్యాయి. చట్టం అలాగే ఉంటే ఆ ఇళ్లు మరమ్మతు లేక కూలిపోయేవని యజమానులు అంటారు. అందులో నిజం లేకపోలేదు.

రెండవసారి వెళ్లినప్పుడు అచే వీధికి దగ్గరలో ఒక అత్తరు దుకాణంలో కూర్చున్నాము. దుకాణదారు పెద్ద వయసువాడు. మేము భారతదేశం నుండి వచ్చామని తెలిసి, రానిచ్చిన కొద్ది ఉర్దూలోనే మాట్లాడారు. "మీ ఇల్లు పైనేనా, భాయీసాహెబ్?" అని అడిగాము. "అక్కడ పుట్టాను" అని మేడ మీద కిటికీలను చూపించారు. ఇప్పుడు అది పర్యాటకుల బస. ఆయన ఇల్లు సముద్రానికి అవతల బటర్‌వర్త్‌లో. రోజూ పొద్దున్నే ఫెర్రీలో వచ్చి దుకాణం తెరుస్తారు. నౌక వచ్చిన రోజు ఎక్కువ అమ్ముడుపోతుందా అని అడిగితే నవ్వి, "వాసన ఎక్కువమంది చూస్తారు" అన్నారు. రెండు చిన్న సీసాలు కొన్నాము. అసర్ అయ్యాక దుకాణం కట్టేసి మళ్లీ ఫెర్రీ ఎక్కుతానని చెప్పారు. ఆ సాయంత్రం మా నౌక కదులుతున్నప్పుడు బటర్‌వర్త్ వైపు పోతున్న ఫెర్రీ ఒకటి మా పక్కగా సాగిపోయింది.